నాలుగో గది చూసిపోయిన పెద్దాయన

చనిపోయిన పెద్ద ఇంజనీరు ఒక శనివారం పొద్దున పదకొండూ నలభై రెండుకి కోల్డ్ స్టోరేజీ కంపెనీ కంప్యూటర్లోకి వచ్చి, నాలుగో గదిలో గాలి ఎలా ఉందో చూసి వెళ్ళాడట. అప్పటికి ఆయన పోయి పదకొండు నెలలు. ఇది కళ్ళారా చూశానన్నవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ ఒక్కడూ లేడు. లారీ డ్రైవర్లు చెప్పేదాంట్లో ఆయన కుర్చీ కిర్రుమంది. క్యాంటీనులో చెప్పేదాంట్లో దగ్గు వినపడింది. పెట్టెలు మోసేవాళ్ళ దగ్గరికొచ్చేసరికి పెద్దాయన పని చూసుకుని లైటు కూడా ఆర్పి మరీ వెళ్ళాడు. బతికుండగా ఒక్కనాడు లైటు ఆర్పిన మనిషి కాదు.

నేను విన్నది విన్నట్టే చెప్తాను. మధ్యమధ్య కాస్త ఉప్పూకారం పడితే ఏమీ అనుకోకండి, చప్పగా చెప్తే ఎవరు వింటారు? గేటు కాపలా ఆయన సగం చెప్పాడు, ఆ రోజు బతికి బయటపడ్డ కూలీల్లో ఒకడు పావు చెప్పాడు, మిగతా పావు అక్కడా ఇక్కడా ఏరుకున్నాను. అసలు ఈ కథ పెద్దాయనది కాదు. పేర్లమ్మది.

పేర్లమ్మ నలభై దాటిన మనిషి. కిటికీ తెరిస్తే ఎగిరిపోయేంత సన్నం. కానీ మేనేజరంతటివాడు కూడా పని పడితే ఆవిడ బల్ల ముందుకొచ్చి నిలబడాల్సిందే. ఎందుకంటే ఆ కంపెనీకి ఒక యాప్ ఉంది. ఏ గదిలో ఎవరి సరుకు ఎంతుంది, ఏ గది ఎంత చల్లగా ఉంది, ఏ గది గాలిలో అమ్మోనియా ఎంతుంది, అన్నీ రంగురంగుల గీతలుగా అందులో కనిపిస్తాయి. దాన్ని తయారుచేసినాయన్ని చార్టులాయన అంటారు. ఎవరి చేపలు ఎన్ని టన్నులున్నాయో పక్క కంపెనీకి తెలిస్తే కొంప మునుగుతుంది కదా, అందుకని జాబితాలో పేరున్నవాళ్ళకే అది తెరుచుకుంటుంది. ఆ జాబితాలో పేరెక్కించేదీ, కొట్టేసేదీ పేర్లమ్మ. తమాషా ఏమిటంటే ఆవిడ పేరు మాత్రం అందులో లేదు. తాళాలిచ్చే మనిషికి లోపల ఏం పని అన్నారు పైవాళ్ళు. ఇరవై ఏళ్ళు అందరికీ తలుపులు తీసింది గానీ లోపలేముందో ఆవిడ చూసి ఎరగదు.

జాబితా సరిచూడ్డంలో ఆవిడకో పద్ధతి ఉండేది. మూడు నెలలకోసారి కాయితం పట్టుకుని కంపెనీ అంతా తిరిగేది. ఒక్కో బల్ల దగ్గరా ఆగి, పేరు చదివి, "ఉన్నారా?" అనేది. ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, "ఉన్నాను" అని నోటితో చెప్పాలి. అప్పుడే టిక్కు. ఒకసారి మేనేజరు ఫోనులో మాట్లాడుతూ చెయ్యి ఊపితే, ఆయన ఫోను పెట్టేదాకా అలాగే నిలబడిందట. అరగంట అంటారు. నేనైతే గంట అంటాను.

ఆవిడకి తల్లీ తండ్రీ లేరు. అక్క పెంచింది. అక్కకి పెళ్ళయ్యేనాటికి ఈవిడకి తొమ్మిదేళ్ళు. బావ ఈ పిల్లని తన పిల్లే అనుకున్నాడు. సైకిలు నేర్పింది ఆయనే, ఉద్యోగంలో చేరిన మొదటిరోజు కంపెనీ గేటు దాకా తోడొచ్చిందీ ఆయనే. పెళ్ళి ఎందుకో కుదరలేదు, ముగ్గురూ మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళు. బావ అదే కంపెనీలో చల్లగదుల మేస్త్రీ. ఇరవై ఏళ్ళూ కాంట్రాక్టు మీదే. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంపెనీలోనే ఉంటాడు గానీ కంపెనీ మనిషి కాడు.

ఆయన ఇంటికి రాగానే ఒక వేళాకోళం ఉండేది. చేతులు అరగంట దాకా మంచుగడ్డల్లా ఉండేవి కదా, నిశ్శబ్దంగా వెనకనుంచి వచ్చి మరదలి మెడ మీద అరచెయ్యి పెట్టేవాడు.

"అమ్మో! బావా, నీ చెయ్యి విరగ!"

"విరిగితే నీకే కష్టం మరదలా. అన్నం ఎవరు కలిపి పెడతారు నాకు?"

"మా అక్క పెడుతుంది."

"మీ అక్కా? తను తినేసి, నేను తిన్నానని చెప్తుంది."

లోపల్నుంచి అక్క గరిటె చూపించేది. ఇది రోజూ. కింద వాటాలో ఉన్నవాళ్ళు ఆ కేక విని గడియారం సరిచేసుకునేవాళ్ళు.

ఇక అమ్మోనియా సంగతి. ఆ గదుల్ని చల్లబరిచేది అదే. గొట్టాల్లో తిరిగినంతసేపు బుద్ధిగా పనిచేస్తుంది, బయటపడితే ప్రాణం తీస్తుంది. అలవాటు లేనివాళ్ళకి రవ్వంత బయటికొచ్చినా ముక్కు మండుతుంది. కానీ ఇరవై ఏళ్ళు ఆ గాలి పీల్చినవాళ్ళ ముక్కు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. బావ ముక్కూ అంతే. కొంచెం ఉందో కొంపలు ముంచేంత ఉందో ఆ ముక్కుకి తేడా తెలీదు. అందుకే అంకె కావాలి. పాతిక దాటితే లోపలికి వెళ్ళకూడదు. మూడొందలు దాటితే మనిషి నిలబడలేడు. నాలుగో గదిలో సైరన్ ఉండేది గానీ ఊరికే కూస్తోందని దాని తీగ పీకేశారు. బాగుచేస్తామని రాసిన కాయితం ఎవరి సొరుగులోనో ఉంది. మిగిలింది యాప్‌లో అంకె ఒక్కటే. ఆ యాప్ కాంట్రాక్టు మనుషులకి తెరుచుకోదు.

పెద్ద ఇంజనీరు మంచాయన. కంప్రెసర్ గదిలో ఆయన బల్ల, ఆయన కంప్యూటరు ఉండేవి. ఒకరోజు బావని పిలిచి, "నువ్వు లోపలికెళ్ళేవాడివి, అంకె నీకు కనబడకపోతే ఎలా? నా పేరుతో తెరిచి చూసుకో. పాస్‌వర్డు మర్చిపోతానని భయపడకు, మిషను మీదే ఉంది" అన్నాడట. కంప్రెసరుకి కొట్టిన ఇత్తడి రేకు మీద మిషను తయారుచేసినవాడు చెక్కిన నంబరే ఆయన పాస్‌వర్డు. అప్పట్నుంచి రోజూ ఏడింటికి బావ దాన్ని తెరిచి, అంకెలు చూసి, సుద్దముక్కతో గదుల తలుపుల మీద రాసి, అప్పుడు మనుషుల్ని లోపలికి పంపేవాడు.

తర్వాత పెద్దాయన గుండె ఆగి పోయాడు.

ఆ మూడు నెలల తనిఖీకి పేర్లమ్మ కాయితం పట్టుకుని కంప్రెసర్ గదిలోకి వచ్చింది. ఖాళీ కుర్చీ. పేరు కొట్టేయాలి. కొట్టేస్తే రేపు పొద్దున బావ గుడ్డివాడు. కలం పట్టుకుని అలా నిలబడిపోయింది. అక్కడే పనిలో ఉన్న బావ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"అడుగు."

"ఏమడగను?"

"అందర్నీ అడిగేదే అడుగు."

పేర్లమ్మ పెద్దాయన పేరు చదివింది. "ఉన్నారా?" అంది.

బావ గొంతు బొంగురు చేసి, పెద్దాయన దగ్గు ఒకటి దగ్గి, ఆయన మాటే మాట్లాడాడు. "ఉన్నానమ్మా. ఎక్కడికి పోతాను?"

నవ్వాపుకోలేక పేర్లమ్మ కాయితంతో మొహం కప్పుకుంది. టిక్కు పెట్టింది. అలా నాలుగుసార్లు పెట్టింది. మనిషిని చూడందే, గొంతు వినందే టిక్కు పెట్టనిది చచ్చిపోయినాయనకి ఏడాది పొడుగునా హాజరు వేసింది.

ఊరికే కూర్చోలేదు కూడా. చార్టులాయన దగ్గరికి వెళ్ళి, "సరుకుల వివరాలేవీ లేకుండా, గదులూ అంకెలూ మాత్రం కనిపించేలా ఒక పేజీ చెయ్యలేరా? దానికి మేస్త్రీల పేర్లు విడిగా ఎక్కించుకుంటాను" అని అడిగింది.

"ఎందుకు చెయ్యలేనండీ, పూట పని. మేనేజరు గారి సంతకం ఒక్కటి తెప్పించండి" అన్నాడాయన.

మేనేజరు ఆ కాయితం తీసుకున్నాడు, చూస్తానన్నాడు. ఆయన చూడాల్సిన కాయితాలన్నీ పేరిస్తే ఆ ఆఫీసు మేడకి ఇంకో అంతస్తు వస్తుంది.

చివరికి బయటనుంచి తనిఖీ ఆవిడ వచ్చింది. చాలా మర్యాదస్తురాలు. చేతిసంచిలోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, పేర్లమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, జాబితాలో పెద్దాయన పేరు మీద వేలు పెట్టింది.

"ఈయనెవరోగానీ చాలా క్రమశిక్షణ గల మనిషండీ. రోజూ ఏడింటికల్లా తెరుస్తున్నారు. ఒక్క సెలవు కూడా లేదు."

"పాతకాలం మనిషండీ" అంది పేర్లమ్మ.

"అవునవును. పోయాక కూడా సెలవు పెట్టలేదంటే చూడండి."

తనిఖీ ఆవిడ కసరలేదు, అరవలేదు. మేనేజర్ని పిలిపించి, సాయంత్రంలోగా ఆ పేరు తీసెయ్యాలని చెప్పింది. ఆవిడ మాటలో తప్పు లేదు. చచ్చినవాళ్ళ పేరుతో ఎవరు లోపలికొస్తున్నారో తెలియకపోతే జాబితా ఎందుకు?

అది శుక్రవారం. పేర్లమ్మ మేనేజరు గదిలోకి వెళ్ళి నిలబడింది.

"సార్, ఆ పేరు తీసేస్తే చల్లగదుల వాళ్ళకి అంకె కనబడదు."

"అంటే ఇన్నాళ్ళూ వాళ్ళే చూస్తున్నారా?"

అవునంటే బావ దొంగ అవుతాడు.

"చూస్తున్నారని కాదు సార్. చూడాలి అంటున్నాను. ఆ పేజీ కాయితం మీద సంతకం..."

"సోమవారం పెడతాను. రేపు లోడింగు లేదు, ఎల్లుండి సెలవు. ఈలోగా మునిగిపోయేదేముంది?"

నాలుగున్నరకి పేరు కొట్టేసింది. సాయంత్రం బావకి చెప్దామనుకుంది. బావ వచ్చాడు, మెడ మీద చెయ్యి పెట్టాడు, ఆవిడ కేక వేసింది, అక్క గరిటె చూపించింది. ముగ్గురూ టీ తాగారు. బావ మంచి హుషారు మీదున్నాడు, లారీవాడెవడో చేపలనుకుని బఠాణీల పెట్టెలు ఎక్కించుకుపోయిన కథ చెప్పి ఇద్దర్నీ నవ్వించాడు. పేర్లమ్మ ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోసిందట. రేపెలాగూ లోడింగు లేదు కదా, ఆదివారం నెమ్మదిగా చెప్పొచ్చులే అనుకుంది. తన చేత్తో తనే ఆయన కళ్ళు మూసిందని చెప్పడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

శనివారం పదిన్నరకి అనుకోని లారీ ఒకటి వచ్చింది. సరుకంతా నాలుగో గదిలో ఉంది. బావ ఆ పొద్దున పని లేదని యాప్ తెరవలేదు, అప్పుడు తెరవబోయాడు. అనుమతి లేదంది. ఇత్తడి రేకు తుడిచి, చూసి, నంబరు మళ్ళీ కొట్టాడు. లేదంది. మూడోసారీ లేదంది. పదకొండూ పదికి మరదలికి ఫోను చేశాడు. ఆవిడ ఇంట్లో దుప్పట్లు ఉతుకుతోంది.

"ఏం మరదలా, మన పెద్దాయన ఇవాళ డ్యూటీకి రానంటున్నాడేం? అలిగాడా?"

"బావా, నువ్వెక్కడున్నావు? ఇవాళ లోడింగు లేదన్నారుగా!"

"లారీకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. డ్రైవరు ఆ హారనుతో నా చెవులు తినేస్తున్నాడు."

"లోపలికి వెళ్ళకు. నేను వస్తున్నా. పది నిమిషాలు ఆగు."

"నువ్వెందుకే ఇంత దానికి..."

"ఆగుతానని చెప్పు బావా."

"సరే తల్లీ, ఆగుతాను. పది నిమిషాలు."

సబ్బు చేతులతోనే మెట్లు దిగింది. ఫోను వాషింగ్ మిషను మీదే ఉండిపోయింది. ఒక చెప్పు వీధి మలుపులో ఊడిపోతే ఆగలేదంటారు. రెండూ ఊడిపోయాయని చెప్పేవాళ్ళూ ఉన్నారు. కంపెనీ గేటు చేరేసరికి పదకొండూ ఇరవై అయిదు. కార్డు పెట్టింది. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టింది. ఎర్ర లైటు. ఆవిడ కార్డుకి శనివారం అనుమతి లేదు. ఆ సంగతి ఆవిడకే తెలీదు, ఇరవై ఏళ్ళలో శనివారం రావాల్సిన అవసరం పడలేదు.

"తియ్యి బాబాయ్, తలుపు తియ్యి."

గేటు ఆయన లేచి నిలబడ్డాడు గానీ తియ్యలేదు. "కార్డు తీసుకోవట్లేదమ్మా. మీరే కదా పోయిన నెల చెప్పారు, కార్డు తీసుకోకపోతే సొంత తల్లినైనా వదలొద్దని."

"చెప్పాను. ఇప్పుడు వదలమని చెప్తున్నాను."

"నోటిమాట చెల్లదమ్మా. అది కూడా మీరే చెప్పారు."

పది నిమిషాలు పట్టింది. ఏడ్చిందో, కాళ్ళు పట్టుకుందో, గేటు ఆయన ఆ ముక్క దగ్గర ఎప్పుడూ తల తిప్పేసుకుంటాడు. చివరికి పుస్తకంలో రాయకుండా పక్క తలుపు తీశాడు. తర్వాతెప్పుడో నాతో అన్నాడు, "నేను మొదటి నిమిషంలోనే తీసి ఉంటే" అని. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

పూర్తి చేసినా లాభం లేదు. చల్లగది దగ్గర బావ పది నిమిషాలూ ఆగాడు. ఇంకో ఆరు నిమిషాలు కూడా ఆగాడు. తలుపు మీద శుక్రవారం సుద్దతో రాసిన అంకె ఉంది. పన్నెండు. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారుతుందిలే, పదండి" అని ఇద్దరు కూలీలతో లోపలికి వెళ్ళాడు. ఆవిడ కార్డు మీద ఎర్ర లైటు వెలిగిన నిమిషమూ అదే.

గొట్టం వెనక గోడ దగ్గర చీలి ఉంది. ఇద్దరు కూలీల్నీ పిల్లికూనల్లా ఎత్తి బయటికి విసిరాడని చెప్పుకుంటారు. ఆ ఇద్దరిలో నాతో మాట్లాడినవాడు చెప్పిందైతే, వీపు మీద చెయ్యి పెట్టి ఇద్దర్నీ ఒక్క తోపు తోశాడట. "ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో" అని మాత్రం అన్నాడు. తోసినాయన బయటికి రాలేదు.

బావ ఆగే ఉంటాడనుకుని పేర్లమ్మ నేరుగా పైన ఆఫీసుకి పరిగెత్తి, పదకొండూ నలభైకి పెద్దాయన పేరు మళ్ళీ జాబితాలోకి ఎక్కించింది. తన పేరు లేదు కాబట్టి ఆయన పేరుతోనే, ఇరవై ఏళ్ళుగా దారిలో చూస్తున్న ఇత్తడి రేకు నంబరుతోనే, జీవితంలో మొదటిసారి ఆ యాప్ తెరిచింది. రంగురంగుల గీతలు. నాలుగో గది ఎదురుగా ఎర్రగా ఆరువందల ఎనభై. బల్ల మీది ఫోనుతో కంప్రెసర్ గదికి కొట్టింది. మోగింది. బావ ఫోనుకి కొట్టింది. అదీ మోగింది. కిటికీలోంచి చూస్తే కింద మనుషులు పరిగెడుతున్నారు.

పెద్దాయన రావడమంటే అదీ. కుర్చీ కిర్రుమనలేదు, దగ్గూ లేదు.

విచారణ జరిగింది. ఆ కమిటీ తేల్చాలనుకున్నది ఒక్కటే. కాంట్రాక్టు మేస్త్రీ అనుమతి లేకుండా చనిపోయినాయన పేరుతో కంపెనీ వివరాలు చూస్తున్నాడా? చూస్తున్నాడంటే ఆయన రూలు తప్పిన మనిషి, చావూ ఆయన తప్పే. పేర్లమ్మ లేచి, "ఆయనకేం తెలీదు. రోజూ ఏడింటికి ఆ పేరుతో తెరిచింది నేనే" అంది.

"ఎందుకు తెరిచారు?"

"చూడాలనిపించింది. నా పేరు మీరు పెట్టలేదుగా."

"ఏడింటికి మీరు ఇంట్లో ఉంటారు కదా?"

"తొందరగా వచ్చేదాన్ని."

నమ్మలేదు, కానీ రాసుకున్నారు. ఆవిడ ఉద్యోగం పోయింది. బావ పేరుకి మాత్రం మచ్చ రాలేదు. ఆ విచారణ కాయితాలు చూసే అనుమతి ముగ్గురికే ఉందట, అందుకే నేను చెప్పేది నిజమో కాదో ఎవరూ తేల్చలేరు. అంకెల పేజీ తర్వాత చేశారు. చార్టులాయన పూట పని అన్నాడు గానీ నలభై నిమిషాల్లో అయిపోయింది. అయ్యాక వెళ్ళి చేతులు కడుక్కునే చోట చాలాసేపు నిలబడ్డాడని విన్నాను. ఇప్పుడు మేస్త్రీలందరి పేర్లూ ఉన్నాయి. బావ పేరు తప్ప.

ఇంట్లో అక్క ఒక్కసారే అడిగిందట.

"శుక్రవారం సాయంత్రం నీకు తెలుసా?"

"తెలుసు."

"టీ తాగేటప్పుడు కూడా?"

"తాగేటప్పుడు కూడా అక్కా."

అంతే. అక్క గ్లాసులు కడిగి బోర్లించింది. తిట్టుంటే బాగుండేదని కింద వాటావాళ్ళు అంటారు. ఇప్పుడు వాళ్ళు గడియారం సరిచేసుకోవడానికి ఆ మేడ మీదనుంచి ఏ చప్పుడూ లేదు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇప్పుడు బట్టలు ఉతికి ఇచ్చే దుకాణంలో పనిచేస్తున్నారు. అక్క ఇస్త్రీ, చెల్లెలు కౌంటరు. బట్టలు తీసుకునేటప్పుడు చీటీ మీద పేరు రాసి, పైకి చదివి, "మీరేనా?" అని అడుగుతుంది. "నేనే" అనేదాకా చీటీ చింపదు. మొన్న రెండు దుప్పట్లు పట్టుకెళ్ళి, అటూ ఇటూ చూసి అడిగేశాను. ఇదంతా నిజమేనా అని.

వెనకాల ఇస్త్రీ పెట్టె ఆగింది. పేర్లమ్మ చీటీ రాస్తూనే మాట్లాడింది.

"ఎవరు చెప్పారు నీకు? గేటు ఆయనా? ఆయనకి కళ్ళు సరిగ్గా ఆనవు, ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో. ఆ శనివారం నేను ఇల్లు కదల్లేదు. దుప్పట్లు నానేసుకున్నాను. ఫోను కూడా ఎవరూ చెయ్యలేదు."

"మరి మీ బావగారు రోజూ పొద్దున్నే..."

"మా బావకి కంప్యూటరు ఎటుపక్క నొక్కాలో కూడా తెలీదు. పెద్దాయన గొంతుతో ఆయనెప్పుడూ మాట్లాడలేదు. నేనెప్పుడూ నవ్వలేదు. ఒక్క ముక్క కూడా నిజం కాదు, అంతా కట్టుకథ. ఇదిగో చీటీ, గురువారం రా."